పాల్వంచ పాత కేటీపీఎస్ స్థలంలో ఇకపై ఏం రావాలి?

ప్రశ్న (పాల్వంచ నివాసి):
2024 ఆగస్టులో పాత కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం) కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ పేల్చి కూల్చివేసినప్పటి నుంచి మా ఊళ్లో ఇదే చర్చ. ఏ, బీ, సీ స్టేషన్లు కలిపి 720 మెగావాట్లు ఇచ్చిన స్థలం అది. లండన్‌లోని పాత విద్యుత్ కేంద్రం బ్యాటర్‌సీ మాదిరిగా దుకాణాలు, కార్యాలయాలు, నివాసాలు కట్టవచ్చునని కొందరు మిత్రులు అంటున్నారు. మన దగ్గర అది సాధ్యమేనా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు (విశ్రాంత విద్యుత్ ఇంజినీరు):
అయ్యా, ఆ పోలిక ఇక్కడ నిలవదు. బ్యాటర్‌సీ మహానగరంలో, థేమ్స్ ఒడ్డున ఉంది. అంతటి గిరాకీ ఉన్న చోట కూడా 1983లో మూతపడిన కేంద్రం, ఒకదాని తర్వాత ఒకటిగా ప్రణాళికలు మూలపడగా, 2022లో గానీ ప్రజలకు తెరుచుకోలేదు. పాల్వంచ భూమి ధర అంత పెట్టుబడిని మోయలేదు. మనకున్న ఆస్తి వేరు: గ్రిడ్డుకు వెళ్లే లైన్లు, కిన్నెరసాని నీరు, సింగరేణి బొగ్గు కోసం వేసిన రైలు మార్గం. పక్కనే కేటీపీఎస్ ఐదు, ఆరు, ఏడో దశలు నడుస్తున్నందున నిర్వహణ తెలిసిన సిబ్బందీ ఉన్నారు. పగటి సౌర విద్యుత్తును నిల్వచేసి, సాయంత్రం వాడకం పెరిగే వేళ అందించే బ్యాటరీ కేంద్రాన్ని ముందుగా పరిశీలించాలన్నది నా అభిప్రాయం.

జవాబు (భూగర్భ జలాలపై పనిచేసే వ్యక్తి):
ఏది కట్టాలన్నా ముందు మట్టిని పరీక్షించాలి. ఆ కాలపు బాయిలర్లకు, ఆవిరి గొట్టాలకు వేడి పోకుండా, ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ నార చుట్టేవారు. ట్రాన్స్‌ఫార్మర్ల చుట్టూ నేలలోకి నూనె ఇంకి ఉండవచ్చు. బొగ్గు బూడిదలో ఆర్సెనిక్, పాదరసం వంటివి ఉంటాయి కనుక బూడిద చెరువుల దిగువనున్న బోర్ల నీటినీ పరీక్షించాలి. ఆ చెరువుల్లో బూడిద గట్టిపడినట్లు కనిపించినా, ఎండాకాలంలో పైపొర ఆరి, గాలికి లేచి ఇళ్ల మీద పడుతుంది. ఢిల్లీలో 2018లో మూసిన బదర్‌పూర్ కేంద్రపు బూడిద భూమిని ఎకో పార్కుగా మార్చే పని చేపట్టారు. ఇక్కడ కూడా చెరువుల వరకు అదే మేలైన దారి.

జవాబు (మాజీ కాంట్రాక్టు కార్మికుడు):
ఇంజినీరు గారి సూచన మంచిదే, కానీ బ్యాటరీ కేంద్రం నడపడానికి కొద్దిమంది చాలు. పాత ప్లాంటులో బొగ్గు దింపినవారు, బూడిద ఎత్తినవారు, క్యాంటీన్ నడిపినవారు ఈ ఊళ్లోనే ఉన్నారు. కాబట్టి నిల్వ బూడిదతో ఇటుకలు చేసే యూనిట్లను స్థానిక సంఘాలకే ఇవ్వాలనీ, మట్టి పరీక్షల ఫలితాలు తెలుగులో బయటపెట్టాకే టెండరు పిలవాలనీ కోరుతూ ప్రజావాణిలో వినతిపత్రం ఇద్దాం. మీరు రాస్తే సంతకాలు నేను చేయిస్తాను.