దర్వాజలకు ఐరోకోనా, మన టేకా?

సిరోంచ వాసి:
ఇంటి పునాది అయింది, ఇక దర్వాజలు నిలబెట్టాలి. డిపోలో ఆఫ్రికా నుంచి వచ్చిన ఐరోకో చూపించారు, టేకు కన్నా చవక. నాన్న మాత్రం "అల్లపల్లి టేకు అడవి పక్కన ఉండి సముద్రం అవతలి కట్టె తెస్తావా?" అంటున్నారు. చెద పడుతుందేమోనని నాకూ టెన్షన్‌గా ఉంది. పని తెలిసినవాళ్లు చెప్పండి.

అహేరి వడ్రంగి:
తమ్మీ, భయపడకుండా తీసుకో. ఐరోకోకు టేకుతో చుట్టరికం లేదు, అది మన పనస, మర్రి కుటుంబం చెట్టు. బరువులో మాత్రం టేకుకు దగ్గరే. ఎండావానలకు పెద్దగా వంకర పోదు. దాని చేవలో, అంటే మాను నడిమి గట్టి చెక్కలో, క్లోరోఫోరిన్ అనే పదార్థం ఉంటుంది, చెదనూ పుచ్చునూ అది అడ్డుకుంటుంది. అందుకే మందు పెట్టకుండానే పడవలకూ, ఆరుబయట బెంచీలకూ వాడుతారు.

కష్టమంతా పనిలోనే. పోగులు ఒకదానికొకటి ఎదురుగా అల్లుకుని ఉంటాయి. రందా పడుతుంటే ఒకచోట నున్నగా వస్తుంది, పక్కనే పీచు లేస్తుంది. లోపల సున్నపు గడ్డలు దాగి ఉంటాయి. చుట్టూ కట్టె నల్లబడి కనిపిస్తే అనుమానించాలి. మొన్న ఒకటి తగిలి నా రందా బ్లేడు అంచు లేచిపోయింది. దుమ్ముకు ఒళ్లు దురద, కొందరికి ఆయాసం కూడా. మాస్కు లేకుండా కోయనివ్వకు.

చంద్రపూర్ నుంచి:
అన్నా, మన్నిక మీద పేచీ లేదు. నా బాధ అడవి గురించి. ఫైటోలైమా అనే పురుగు లేత ఐరోకో మొక్కల మీద బుడిపెలు కట్టించి ఎదగనివ్వదు. తోటలు వేయడం కష్టం కాబట్టి, వచ్చే కట్టె చాలావరకు అక్కడి సహజ అడవిదే. మన సర్కారు డిపో టేకుకు ఏ కూపులో, అంటే నరకడానికి గీసిన ఏ అడవి ముక్కలో, నరికారో లెక్క ఉంటుంది. 2023లో అయోధ్య గుడి తలుపులకు పోయింది కూడా మన జిల్లాల టేకే కదా!

అహేరి వడ్రంగి:
అడవి మాట నిజమే తమ్మీ, కాదనను. కానీ డబ్బు చాలనివాళ్లకు టేకు పేరుతో చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్క అంటగడుతున్నారు. తెల్ల చెక్క టేకుదైనా చెద తింటుంది. సిరోంచ తమ్మీ, నీ బడ్జెట్‌లో చేవ టేకు దొరికితే నాన్న మాటే విను. దొరక్కపోతే ఐరోకో తీసుకో, బిల్లు మీద ఆ పేరే రాయించు. ఐరోకోనూ "ఆఫ్రికా టేకు" అంటారు, ఘనా తోటల్లో పెరిగిన అసలు టేకు కూడా మన దేశానికి వస్తుంది, ఉత్త "ఆఫ్రికా టేకు" అంటే ఏదని అడుగుతావు? ఏది కొన్నా బాగా ఆరిన కట్టే కొను.