రెక్కల కార్లను నాస్కార్ తప్పించడం న్యాయమేనా? (1969-71)

హెమీ_426:
అమెరికాలో కార్ల రేసులు నడిపే సంస్థ నాస్కార్ 1971 సీజన్‌కి పెట్టిన రూలు గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం. వెనక రెక్క, ముందు పొడుగాటి ముక్కు ఉన్న డాడ్జ్ చార్జర్ డేటోనా, ప్లిమత్ సూపర్‌బర్డ్, వాటితో పాటు ఫోర్డ్ వాళ్ల టొరీనో టల్లడేగా, మెర్క్యురీ సైక్లోన్ స్పాయిలర్-2, వీటన్నిటికీ ఇంజను 305 క్యూబిక్ అంగుళాలు దాటకూడదన్నారు. మామూలు బాడీ ఉన్న కార్లకేమో పెద్ద ఇంజన్లు ఓకే! ఇది నిషేధం కాక ఇంకేమిటి? డాడ్జ్, ప్లిమత్ రెండూ తయారుచేసే క్రైస్లర్ కంపెనీ ఇంజనీర్లు గాలి లెక్కలు వేసి గెలిస్తే, నాస్కార్ పెద్ద బిల్ ఫ్రాన్స్ వాళ్ల చేతులు కట్టేశాడు. 1965లో క్రైస్లర్ వాళ్ల హెమీ అనే శక్తిమంతమైన రేసు ఇంజను మీదా ఇదే పని చేశాడు.

మూడో_లేన్:
గురూ, టైర్ల సంగతి దాటేశావు. 1969 సెప్టెంబరులో టల్లడేగా అనే ట్రాక్ మీద మొదటి రేసుకి ముందే టైర్లు చిరిగిపోతున్నాయని రిచర్డ్ పెట్టీతో సహా పెద్ద డ్రైవర్లంతా వెళ్లిపోయారు. మిగిలినవాళ్లలో రిచర్డ్ బ్రిక్‌హౌస్ డాడ్జ్ డేటోనా కారుతో గెలిచాడు. ఆర్నెల్లు తిరిగేసరికి, 1970 మార్చిలో అదే ట్రాక్ మీద బడ్డీ బేకర్ గంటకి 200 మైళ్లు దాటించాడు. 33 డిగ్రీల వాలు మీద, ఆ కాలం టైర్లతో! చూసేవాళ్లకి సరదా, లోపల కూర్చున్నవాడికి టెన్షన్.

హెమీ_426:
స్పీడే సమస్యయితే దానికి మందు ముందే వేశారు కదండీ. 1970 ఆగస్టులో మిషిగన్ రేసు నుంచి కార్బ్యురేటర్ కింద రిస్ట్రిక్టర్ ప్లేటు పెట్టించారు. ఇంజనుకి గాలి తగ్గింది, స్పీడూ తగ్గింది. మళ్లీ 305 ఎందుకు?

పాత_కార్బ్యురేటర్:
ప్లేటు విషయంలో హెమీ గారు అన్నది నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ 1965తో పోలిక మాత్రం ఆయనకే ఎదురు తిరుగుతుంది. హెమీని ఆపగానే క్రైస్లర్ అలిగి వెళ్లిపోయింది. పెట్టీ డ్రాగ్ రేసులకి (తిన్నని దారిలో కొద్ది దూరం పరుగు పందేలు) వెళ్లాడు, జార్జియాలో అతని కారు జనంలోకి దూసుకెళ్లి ఒక పిల్లాడు చనిపోయాడు. ఇటు 55 రేసుల్లో 48 ఫోర్డే గెలిచింది. ఒకే కంపెనీ గెలుస్తుంటే టికెట్ ఎవరు కొంటారు? చివరికి సీజన్ మధ్యలో ఫ్రాన్సే దిగొచ్చాడు. మరుసటి ఏడు ఫోర్డ్ వంతు: ఓవర్‌హెడ్ క్యామ్ అనే తన కొత్త రకం రేసు ఇంజను మీద పేచీ వచ్చి అదీ రేసులు మానేసింది. ఓడినప్పుడల్లా తలుపు విసిరికొట్టి పోయే రెండు కంపెనీల మధ్య నలిగింది ఫ్రాన్స్ అండి, క్రైస్లర్ కాదు.

పైగా రెక్కలే అన్నీ గెలిచాయనుకోవడం భ్రమ. 1969లో ఫోర్డ్ 26 రేసులు గెలిచింది, డాడ్జ్ 22. ఛాంపియన్ ఫోర్డ్ నడిపిన డేవిడ్ పియర్సన్. 1970లో డాడ్జ్‌తో బాబీ ఐజాక్ టైటిల్ కొట్టాడు నిజమే, కానీ ఆ గెలుపుల్లో ఎక్కువ చిన్న ట్రాకుల మీదివి. అక్కడ ఆ రెక్క వల్ల ఒరిగేదేం లేదు.

షార్లెట్_బాబాయ్:
షోరూమ్ లెక్క కూడా చూడండి. ఒక మోడల్‌ని రేసులోకి దింపాలంటే 1969లో అలాంటివి 500 కార్లు చేసి అమ్మితే చాలు, డాడ్జ్ అంతవరకే చేసింది. మరుసటి ఏడు రూలు మార్చి, ఇద్దరు డీలర్లకి ఒక కారు చొప్పున చెయ్యమన్నారు. అలా సూపర్‌బర్డ్‌లు 1,900 పైనే వచ్చాయి. కొనేవాళ్లు లేక కొందరు డీలర్లు ముక్కూ రెక్కా పీకి మామూలు ప్లిమత్ రోడ్‌రన్నర్ కార్లుగా అమ్ముకున్నారు. ఇప్పుడు వేలంలో వాటి రేటు చూస్తే నవ్వొస్తుంది.

హెమీ_426:
బాబాయ్, ఆ సూపర్‌బర్డ్ వల్లే కదా ఫోర్డ్‌కి వెళ్లిన పెట్టీ తిరిగొచ్చాడు! 1970 డేటోనా 500 రేసుని పెట్టీ టీమ్ కారుతోనే పీట్ హామిల్టన్ గెలిచాడు. ఇలాంటి పోటీని రూలుతో చంపేశారనే నా బాధ.

పాత_కార్బ్యురేటర్:
చంపింది రూలు కాదు. 1971 సీజన్ మొదలవకముందే, 1970 నవంబరులో ఫోర్డ్ రేసులకి డబ్బు ఆపేసింది. క్రైస్లర్ కూడా పెట్టీ, బేకర్ల కార్లకి మాత్రమే సాయం ఉంచింది. పొగ, భద్రత చట్టాలకి ఇంజనీర్లూ డబ్బూ అటు మళ్లాయి. 305 రూలు లేకపోయినా ఆ కార్లకి కొత్త తరం వచ్చేది కాదు.

హెమీ_426:
సరే, ఒక్కటి చెప్పండి. 1971 డేటోనా 500లో డిక్ బ్రూక్స్ అదే చిన్న ఇంజనుతో రెక్కల డాడ్జ్ నడిపి ఏడో స్థానంలో వచ్చాడు. ప్లేటు వేసి పెద్ద ఇంజను ఉండనిచ్చి ఉంటే ఫ్రాన్స్‌కి పోయేదేమిటి?

మూడో_లేన్:
మిగతా టీములన్నీ అదే కారు కావాలని గొడవకి దిగేవి, ఫ్రాన్స్‌కి ప్రశాంతత పోయేది.