పాత స్విఫ్ట్ ముందు బ్రేకులు: 8 వేలలో ఏం చేయించుకోవచ్చు?

పాడేరు_రోడ్డు

అందరికీ నమస్కారం. నాది 2013 స్విఫ్ట్ ఎల్ఎక్స్ఐ పెట్రోల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రం లాక్ కాకుండా చూసేది) లేదు. ఇల్లు అనకాపల్లి, ఉద్యోగం పాడేరు, కాబట్టి వారం వారం ఘాట్ ఎక్కి దిగడం తప్పదు. కింద ఊళ్లో బ్రేకులతో ఏ ఇబ్బందీ లేదు. ఈ మధ్య అమ్మానాన్నల్ని ఎక్కించుకుని, డిక్కీ నిండా సామానుతో దిగుతుంటే సగం దారి దాటాక కాలిన వాసన మొదలైంది, ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి పెడల్ మెత్తబడి బాగా కిందికి పోయింది. గబగబా రెండు మూడుసార్లు తొక్కితే కాస్త పట్టింది, పక్కకు తీసి ఆపేశాను. వెనక కూర్చున్నవాళ్లకు చెప్పలేదు కానీ నాకు చేతులు వణికాయి.

మర్నాడు షెడ్డులో చూపిస్తే ప్యాడ్స్ ఇంకా సగం ఉన్నాయి, పెడల్ గట్టిగానే ఉంది, ఏమీ లేదు పొమ్మన్నారు. ఫ్రెండ్ ఒకడు పెద్ద డిస్కులు, అవీ చిల్లులున్నవి వేయించమంటున్నాడు. నా బడ్జెట్ 8 వేలు. ముందు దేని మీద పెట్టాలి?

సత్తిబాబు_గ్యారేజ్

తమ్ముడూ, డిస్కుల సంగతి పక్కన పెట్టు. నువ్వు చెప్పిన లక్షణాలు చూస్తే అది బ్రేక్ ఆయిల్ మరిగిన కేసు.

ఘాట్‌లో బ్రేకు పోవడం రెండు రకాలు, రెండిటికీ పెడల్ తేడాగా ఉంటుంది. పెడల్ రాయిలా గట్టిగా ఉండి, ఎంత తొక్కినా బండి ఆగకపోతే ప్యాడ్ వేడెక్కి పట్టు వదిలేసిందని అర్థం. పెడల్ మెత్తబడి కిందికి పోతే మాత్రం కాలిపర్‌లో (ప్యాడ్స్‌ని డిస్కుకి నొక్కే భాగం) ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుట్టాయి, నువ్వు తొక్కే బలమంతా ఆ బుడగల్ని నొక్కడానికే పోతోంది, ప్యాడ్ దాకా రావట్లేదు. నీది రెండోది. చల్లారాక ఆ ఆవిరి మళ్లీ ఆయిల్‌లో కలిసిపోతుంది, అందుకే మర్నాడు షెడ్డులో ఎవరు తొక్కినా బాగానే ఉంటుంది, వాళ్లకు ఏమీ కనబడదు.

బ్రేక్ ఆయిల్ గాల్లో తేమను లాక్కుంటుంది, హోస్ పైపుల గుండా కూడా. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి ఆ లెక్క 230, 155. మన బళ్లలో చాలామంది ఇంజన్ ఆయిల్ టైముకి మారుస్తారు కానీ బ్రేక్ ఆయిల్‌ని బండి అమ్మేదాకా తాకరు, తగ్గితే పైన కాస్త పోస్తారు అంతే. మామూలుగా రెండేళ్లకోసారి మొత్తం తీసి కొత్తది పోయాలి. సెకండ్ హ్యాండ్ బండి అంటున్నావు, అందులో ఉన్నది ఎప్పటిదో.

కాబట్టి మొదటి ఖర్చు: సీల్ తీయని డబ్బా డాట్ 4, నాలుగు చక్రాల దగ్గరా పాతది పూర్తిగా బయటికొచ్చేదాకా బ్లీడింగ్, అంటే పాత ఆయిల్‌ని, గాలిని బయటికి పంపించడం. సగం వాడి మూత పెట్టిన డబ్బా ఒద్దు. డాట్ 3 ఉన్న సిస్టమ్‌లో డాట్ 4 పోయొచ్చు, డాట్ 5.1 కూడా పోయొచ్చు, కానీ ఉత్త డాట్ 5 అని రాసుంటే అది సిలికాన్, దాన్ని మాత్రం కలపొద్దు.

అదే రోజు కాలిపర్ విప్పించి, అది అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులు బయటికి తీయించు. అవి తుప్పు పట్టి బిగుసుకుపోతే పెడల్ వదిలేశాక కూడా ప్యాడ్ డిస్కుని రాసుకుంటూనే ఉంటుంది, చాలా వేడి అక్కడి నుంచే వస్తుంది. బ్రేకులకు పనికొచ్చే సిలికాన్ గ్రీజు పెట్టాలి, మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బుతుంది. వాసన ఒక వైపు నుంచే వచ్చిందా, రెండు వైపులా వచ్చిందా?

హైవే_నాని

సత్తిబాబు గారి మాటకు ఒకటి కలుపుతాను. పెద్ద డిస్కు వల్ల బండి తక్కువ దూరంలో ఆగుతుందని చాలామంది అనుకుంటారు. ఏబీఎస్ లేని స్విఫ్ట్‌లో గట్టిగా తొక్కితే చక్రం ఇప్పటికే లాక్ అవుతుంది కదా, అంటే బ్రేకుకు బలం చాలు, తక్కువైంది టైరు పట్టు. పెద్ద డిస్కు ఇచ్చేది వేడిని ఓర్చుకునే శక్తి. అది ఘాట్‌కు పనికొచ్చేదే, కాదనను, కానీ 14 అంగుళాల రిమ్‌లో పెద్ద డిస్కు, కాలిపర్ పట్టాలంటే రిమ్ములు, టైర్లు కూడా మార్చాలి, 8 వేలు ఎక్కడికీ చాలవు. కాలిపర్‌లో ప్యాడ్‌ని నెట్టే పిస్టన్ పెద్దదైతే, పెడల్ దగ్గర ఆయిల్‌ని నెట్టే పాత మాస్టర్ సిలిండర్‌తో పెడల్ ఇంకా కిందికి పోతుంది కూడా. చిల్లుల డిస్కులైతే వేడెక్కి చల్లారి చిల్లుల దగ్గర పగుళ్లొస్తాయి, రోడ్డు బండికి వాటితో వచ్చేది పెద్దగా ఏమీ లేదు. నీ బండికి ముందు కంపెనీ ఇచ్చిందే వెంటిలేటెడ్ డిస్కు (మధ్యలో గాలి ఆడే ఖాళీలున్నది), మందం సరిపడా ఉంటే దాన్నే ఉంచు.

టైర్ల మీద తయారీ తేదీ చూసుకో. నాలుగు అంకెలుంటాయి, 2318 అంటే 2018లో 23వ వారం. ముదిరిపోయి గట్టిపడ్డవైతే మిగిలిన డబ్బు అటు దాచు.

పాడేరు_రోడ్డు

సత్తిబాబు గారూ, వాసన ఎడమ వైపు ఎక్కువ వచ్చింది. ఆగి దిగినప్పుడు ఆ చక్రం దగ్గర వేడి సెగ కొట్టింది, కుడి వైపు అంత లేదు. ప్యాడ్స్ కూడా మార్చమంటారా?

సత్తిబాబు_గ్యారేజ్

అయితే ఎడమ కాలిపర్ పట్టేసి ఉంటుంది. పిన్నులు కానీ, పిస్టన్ కానీ. చక్రం లేపి పెడల్ తొక్కి వదిలి, చేత్తో తిప్పి చూస్తే తెలిసిపోతుంది. పిస్టన్ అయితే సీల్ కిట్ వేయించు, హోస్ పైపు లోపల ఉబ్బిందేమో కూడా చూడమను, ఉబ్బితే ఆయిల్ వెనక్కి రాదు.

ప్యాడ్స్ సగమే ఉన్నా మార్చెయ్యి, అంత వేడి తిన్నవి పైన గాజులా మెరుస్తూ గట్టిపడి ఉంటాయి. రెండు వైపులా కలిపే మార్చాలి. కంపెనీవి, బాష్, బ్రెంబో, ఏదైనా పరవాలేదు, నమ్మకమైన షాపులో బిల్లుతో తీసుకో, మన మార్కెట్లో నకిలీ డబ్బాలు ఎక్కువ. రేసింగ్ ప్యాడ్స్ జోలికి వెళ్లకు, అవి వేడెక్కితే గానీ సరిగా పట్టవు, పొద్దున్నే చల్లటి బ్రేకుతో మొదటి మలుపులో నీకు కావలసింది అది కాదు. డిస్కు మందం కొలిపించు, అది డిస్కు మీద రాసిన కనీస మందం కంటే తక్కువుంటే మార్చాల్సిందే, లేత్ మీద పెట్టి ఇంకా పల్చన చేయనివ్వకు. వెనక డ్రమ్ముల్లో షూస్ కూడా అడ్జస్ట్ చేయించు. వెనక బ్రేకు పడకపోతే ఆ భారం కూడా ముందు వాటి మీదే పడుతుంది.

కొండదారి

నేను జీపు నడుపుతాను ఆ రోడ్డులో. ఎవరూ దిగే పద్ధతి అడగలేదు, అదే అసలు సంగతి. 700 మీటర్లు దిగామనుకోండి, అందులో బండికి వచ్చే శక్తి లెక్కేస్తే 100 స్పీడ్ నుంచి పూర్తిగా ఆపడం దాదాపు 18 సార్లు చేసినంత. గేర్‌లో ఉన్న ఇంజన్ బండిని పట్టి ఉంచకపోతే అదంతా బ్రేకులే మింగాలి. ఎక్కిన గేర్‌లోనే దిగమని మా పాత డ్రైవర్లు చెప్పేది ఇందుకే. నీ స్విఫ్ట్‌లో రెండో గేర్, ఏటవాలు మరీ ఎక్కువుంటే మొదటిది. ఇంజన్ అరుస్తోందని భయపడొద్దు, ఆర్‌పీఎం మీటర్‌లో ఎర్ర గీత దాటనంత వరకు దానికేం కాదు. మలుపు ముందు గట్టిగా ఒకసారి తొక్కి పూర్తిగా వదిలేయాలి, కాలు ఆనించి రాసుకుంటూ రావద్దు. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ కొట్టేవాళ్లున్నారు, ఇంజన్ కూడా ఆపేస్తారు, అప్పుడు కాసేపటికి, నువ్వు తొక్కే బలానికి బలం కలిపే బూస్టర్ సాయం కూడా పోతుంది. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. వాసన వస్తే ఆపి చల్లారనివ్వండి, డిస్కు మీద నీళ్లు మాత్రం పోయొద్దు, పగులుతుంది.

పాడేరు_రోడ్డు

అందరికీ చాలా థాంక్స్. నేను మూడో గేర్‌లో దిగేవాణ్ని, ఇక నుంచి రెండు. ఆదివారం పని మొత్తం పెట్టుకుంటున్నాను. కొత్త ప్యాడ్స్ వేశాక సోమవారమే ఘాట్ ఎక్కొచ్చా?

సత్తిబాబు_గ్యారేజ్

ఎక్కే ముందు వాటిని కుదురుకోనివ్వు. ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 15 దాకా తగ్గించు, పూర్తిగా ఆపకు, మళ్లీ వేగం అందుకుని మధ్యలో కాస్త చల్లారనిచ్చి పది సార్లు అలా చెయ్యి, చివర్లో బ్రేకు ముట్టుకోకుండా కొంత దూరం నడుపు. డబ్బా మీద వేరే పద్ధతి రాసుంటే అదే పాటించు. ఆ తర్వాత పెడల్ గట్టిగా, ఎప్పుడూ ఒకే ఎత్తులో పడుతుంటే సోమవారం వెళ్లు, స్పాంజిలా ఉంటే ఇంకా గాలి ఉన్నట్టే, మళ్లీ బ్లీడింగ్ చేయించకుండా ఘాట్ వైపు తిప్పకు.