తాడోబా బుకింగ్ అవ్వట్లేదు, తెలిసినవాళ్లు చెప్పండి

వేపచెట్టు: మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గరున్న తాడోబా పులుల అడవికి సఫారీ బుక్ చేద్దామని పొద్దున్నుంచి సైట్ ముందే కూర్చున్నా. ముందు రోజు సీట్లు ఉన్నాయి, తర్వాతి రోజూ ఉన్నాయి, మాకు కావలసిన రోజే నొక్కనివ్వట్లేదు! కరీంనగర్ నుంచి మా బావగారి కుటుంబం వస్తోంది. పిల్లలకు పులిని చూపిస్తానని మాటిచ్చేశా. సఫారీ అయ్యాక ఓ రెండు గంటలు అడవిలో నడుద్దామనీ అనుకున్నాం. పక్కనే బల్లార్షాలో ఉంటూ తాడోబా చూడలేదంటే నవ్వుతున్నారు. ఒకటే టెన్షన్. ఏం చేయాలి?

బొగ్గుబావి: తేదీ? గేటు? ఎంతమంది?

గోండ్వానాపిట్ట: అందరిదీ పులి గోలే. 1955లో నేషనల్ పార్క్ అయిన అడవి అది. తారు అనే గోండు గ్రామపెద్ద పులితో పోరాడి చనిపోయాడని, ఆయన పేరు మీదే తాడోబా అయిందని ఇక్కడివాళ్లు చెబుతారు. చెరువు గట్టున ఆయన గుడి ఉంది. మనవాళ్లు జిప్సీ (సఫారీ జీపు) ఎక్కగానే "పులి ఎక్కడ?" అని గైడ్‌ని పీక్కుతింటారు. కాస్త నోరు మూసుకుని చెవులు పెట్టండి. దుప్పి కూత, కొండముచ్చు కూత విన్నారంటే పులో చిరుతో దగ్గర్లో కదులుతున్నట్టే. రేచుకుక్కల గుంపు కనబడితే పులికన్నా అదృష్టం అంటాను నేను. అడవిదున్న, ఎలుగుబంటి, మనుబోతు ఇవేవీ మీ పిల్లలకు అక్కర్లేదా?

వేపచెట్టు: అన్నా, ముందు టికెట్ దొరకాలి కదా. మొహర్లీ గేటు, మాకు అదే దగ్గర. ఎనిమిది మందిమి. వచ్చే మంగళవారం. బావగారి దుకాణానికి ఆ రోజే సెలవు.

బొగ్గుబావి: మంగళవారం కోర్, అంటే లోపలి అడవి, మూసే ఉంటుంది. ప్రతి వారం అంతే. సైట్ బాగానే ఉంది.

ఇప్పపువ్వు: నడక సంగతి ఎవరూ చెప్పలేదే. కోర్‌లో జిప్సీ దిగి నడవడం ఊసే ఎత్తకండి. 2021 నవంబరులో పులుల లెక్కింపు పనిమీద నడిచి వెళ్తున్న మహిళా గార్డు పులి దాడిలో చనిపోయింది. అడవే ఉద్యోగంగా ఉన్న మనిషికే అలా అయింది. మా వైపు వేసవిలో ఇప్పపువ్వు ఏరడానికి, తునికాకు కోయడానికి పోయినవాళ్లు పులికి దొరికిపోయిన కబుర్లు ఎన్ని వినలేదు! వాళ్లకు గత్యంతరం లేదు, మీకు ఉంది. పిల్లలతో నడవాలనుంటే చంద్రపూర్‌లో గోండు రాజుల కోటగోడ చూపించండి. పొద్దున్నే వెళ్లండి, మే ఎండ తెలుసుగా.

జునోనారోడ్డు: మంగళవారమే కావాలంటే బఫర్‌లో, అంటే కోర్ చుట్టూ ఉన్న అడవిలో చూడండి, అక్కడ తెరిచే ఉంటుంది. జునోనా, అగర్‌ఝరీ రెండూ చంద్రపూర్ వైపువే. జిప్సీకి ఆరుగురే కాబట్టి మీకు రెండు కావాలి. బుకింగ్‌లో ఇచ్చిన గుర్తింపు కార్డు అసలుదే తెచ్చుకోండి, జిరాక్స్ కుదరదు.

బొగ్గుబావి: బఫర్ అంటే ఊళ్లూ, పశువులూ, పొలాలు. డబ్బు దండగ.

జునోనారోడ్డు: కోర్ 625 చదరపు కిలోమీటర్లు, బఫర్ 1100 పైనే. పులి గీత చూసుకుని ఆగుతుందా? మదనాపూర్ వైపు బఫర్‌లో జూనాబాయి అనే ఆడపులి కోసమే ఎక్కడెక్కడినుంచో వస్తారు.

బొగ్గుబావి: అందరూ ఆ ఒక్క పేరే చెబుతారు. చెరువులు, గడ్డిమైదానాలు, వెదురు అడవి అన్నీ కలిపి చూడాలంటే కోర్‌కే పోవాలి. బావగారిని బుధవారం రమ్మనండి.

గోండ్వానాపిట్ట: మళ్లీ పులి దగ్గరికే వచ్చారు!

ఇప్పపువ్వు: కోర్‌కి పోతే ఫోన్ లోపలికి తీసుకెళ్లనివ్వరు, పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. జులై వచ్చిందంటే సెప్టెంబరు చివరిదాకా కోర్ బంద్. వాయిదా వేసేటప్పుడు అది కూడా లెక్కలో పెట్టుకోండి.

వేపచెట్టు: బావగారు బుధవారం కుదరదన్నారు. జునోనా మధ్యాహ్నం రెండు జిప్సీలు చేశా. థాంక్స్.

కాగజ్‌నగర్‌వాడు: అన్నా, రెండు జిప్సీల్లో నాలుగు సీట్లు ఖాళీగా ఉంటాయి కదా? మేం ఇద్దరమే. ఖర్చు పంచుకుందామా? రేచుకుక్కలు జునోనాలో కనబడతాయా, ఎవరైనా చూశారా?