చర్చ: స్కాన్ చేసిన రికార్డులు దశాబ్దాల పాటు నిలవాలంటే ఏ ఫార్మాట్, ఏ మీడియా?

పాతకట్ట: 2 లక్షల ఏ4 పేజీలు, 400 డీపీఐ, 24 బిట్ కలర్. మాస్టర్ కాపీ టిఫ్ బొమ్మలుగానా, దీర్ఘకాలం దాచడానికి చేసిన పీడీఎఫ్/ఏలోనా? టేపా, డిస్కులా? ఫైల్ పేర్లు ఎలా పెట్టాలి? ఫైలు మారిందో లేదో తెలిపే చెక్‌సమ్‌కి (హాష్) ఎండీ5 పద్ధతి అనుకుంటున్నా.

టేపుగది: పేజీకి దాదాపు 46 ఎంబీ, మొత్తం 9 టీబీ పైచిలుకు. 12 టీబీల ఎల్టీఓ-8 (ఎల్టీఓ డేటా టేపుల్లో ఎనిమిదో తరం) టేపు ఒక్కటి సరిపోతుంది. రెండు రాసి, రెండోది వేరే భవనంలో పెట్టండి. టేపు చెడటం కాదు, చదివే డ్రైవ్ దొరకకపోవడమే అసలు తలనొప్పి. ఎల్టీఓ-7 డ్రైవ్ వరకు రెండు తరాల వెనకటి టేపులు చదివేవి, 8, 9 డ్రైవ్‌లు ఒక్క తరమే. ఎల్టీఓ-6 టేపులు దాచుకుని 8 డ్రైవ్ కొంటే లాభం లేదు. ఎల్టీఎఫ్ఎస్‌లోనే (టేపుల కోసం ఉన్న ఓపెన్ ఫైల్ వ్యవస్థ) రాయండి. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ సొంత ఫార్మాట్‌లో రాస్తే, ఆ సాఫ్ట్‌వేర్ మూలపడిన రోజు టేపులూ మూలపడతాయి.

హాష్‌వీరుడు: ఎండీ5 ఏంటండీ ఇంకా! కొలిజన్లు (రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే హాష్) 2004లోనే చూపించారు. షా-256 వాడండి.

బిట్‌కాపరి: మళ్లీ మొదలెట్టారా? కొలిజన్ అంటే ఎవరో పనిగట్టుకుని తయారుచేసిన రెండు ఫైళ్లు. డిస్కులో బిట్ తిరగబడితే ఎండీ5 పట్టేస్తుంది.

హాష్‌వీరుడు: రేపు రికార్డు కోర్టుకెళ్తే ఈ మాటే చెప్తారా? భద్రత గురించి బొత్తిగా తెలియకుండా సలహాలు ఇవ్వకండి.

బిట్‌కాపరి: తెలుసు కాబట్టే చెప్తున్నా. ఫైళ్ల పక్కనే మేనిఫెస్ట్ (హాష్‌ల జాబితా) పెడితే, ఫైలు మార్చినవాడు హాషూ మార్చేస్తాడు. మీ షా-256 ఏం చేస్తుంది? మేనిఫెస్ట్ ఇంకొకరి చేతిలో ఉండాలి. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో ప్రీమిస్‌లో (దాచిన ఫైళ్ల చరిత్ర రాసే మెటాడేటా ప్రమాణం) ఉండాలి.

సంచిగాడు: ఇద్దరూ ఆగండి. బ్యాగిట్‌లో (ఫైళ్లనూ వాటి హాష్‌లనూ కలిపి సర్దే పద్ధతి) ఎండీ5, షా-256 రెండు మేనిఫెస్టులూ పెట్టొచ్చు. సమయమంతా డిస్కు చదవడానికే, లెక్కకు కాదు. హాష్ ఎప్పుడు తీశారన్నదే ముఖ్యం. సర్వర్‌కు ఎక్కించాక తీస్తే, దారిలో చెడిన ఫైలుకు మీరే ముద్ర వేసినట్టు. స్కానర్ పక్కన మెషీన్‌లోనే తీయాలి.

ఫాంట్‌బాధితుడు: పీడీఎఫ్/ఏ అనగానే మురిసిపోకండి. అందులో 1బీ స్థాయి హామీ చూపుకు మాత్రమే. యూనికోడ్‌కు ముందరి ఫాంట్లతో టైప్ చేసిన పత్రం చక్కగా కనిపిస్తుంది, వెతికితే చెత్త. యూనికోడ్ కూడా కోరే 2యూ స్థాయిలో చేసినా అంతే: తనిఖీ చేసే వెరాపీడీఎఫ్ సాఫ్ట్‌వేర్ అక్షరాలకు యూనికోడ్ మ్యాపింగ్ ఉందా అని చూస్తుంది, సరైనదా అని చూడదు.

పాతకట్ట: నావి స్కాన్లండీ, టైప్ చేసినవి కావు. టిఫ్ సంగతి?

బిట్‌కాపరి: కంప్రెస్ చేయని టిఫ్. పిక్సెళ్లలో ఒక బిట్ తిరగబడితే ఒక చుక్క పోతుంది. కంప్రెస్ చేసిన ఫైల్లో పెద్ద ముక్కే పోవచ్చు.

హాష్‌వీరుడు: జేపెగ్2000 లాస్‌లెస్ (ఏ వివరమూ పోకుండా కుదించేది) అయితే దాదాపు సగం చోటు మిగులుతుంది. ఆ చోట్లో ఇంకో కాపీ పెట్టుకోవచ్చు. ఒక చుక్క పోయిన ఫైలు కన్నా చెడని రెండో కాపీ మేలు కదా?

పాతకట్ట: ఫైల్ పేర్లు ఎవరూ చెప్పలేదు.

సంచిగాడు: చిన్న ఇంగ్లిష్ అక్షరాలు, ముందు సున్నాలతో అంకెలు, ఖాళీలు వద్దు. వివరాలు మెటాడేటాలో. తెలుగు పేర్లు అసలే వద్దు. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే కోడ్‌గానూ రాయొచ్చు, ఎత్వంతో కలిపి రెండు కోడ్‌లుగానూ రాయొచ్చు. పాత మ్యాక్‌ల హెచ్ఎఫ్ఎస్ ప్లస్ డిస్కు దాన్ని రెండుగా విడదీస్తుంది. అక్కడి నుంచి లినక్స్‌కు తెచ్చి సరిచూస్తే, ఫైలు కళ్లెదుటే ఉన్నా బ్యాగిట్ లేదంటుంది.