ధాత కరువు నాడు లారీలు లేవు, ఫ్యాక్టరీలు లేవు. మరి భూమి వేడెక్కడం మనుషుల వల్లేనని ఎలా చెప్పాలి?

చిత్రావతి (అనంతపురం):

మన జిల్లాలో రైతు సమావేశమైనా, కాలేజీలో చర్చైనా, ఈ విషయం ఎత్తగానే ఎదురయ్యే మాటలు దాదాపు ఒకటే. "1876–78లో ధాత కరువొచ్చి జనం పిట్టల్లా రాలిపోయినారు, అప్పుడు లారీలున్నాయా?" "సూర్యుడే మండిపోతుంటే మనమేం చేస్తాం?" "ఒక్క అగ్నిపర్వతం పేలితే దాని ముందు మన బండ్ల పొగ ఎంత?" "గాలిలో 0.04 శాతం ఉన్న కార్బన్ డయాక్సైడ్‌కు అంత బలమా?" చివరికి, "సైంటిస్టులకే ఒక మాట లేదు కదా!"

"ప్రపంచమంతా ఒప్పుకుంది" అంటే ఎవరూ వినరు. ఏం కొలిచారు, ఎట్లా కొలిచారు, ఆ లెక్కలో మనిషి పేరు ఎక్కడ తేలుతుంది, ఇవి కావాలి. ఇంకోటి, మన కరువునే సాక్ష్యంగా చూపించొచ్చా? చూపిస్తే ఎక్కడ దొరికిపోతాం?

ఎర్రమల (బేతంచెర్ల):

చిత్రావతి గారూ, ముందు కార్బన్ పద్దు చూడండి. ఉష్ణోగ్రత జోలికి పోకుండానే సగం వాదన ఇక్కడ తేలిపోతుంది.

పరిశ్రమలు రాకముందు గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 280 పీపీఎం, అంటే పది లక్షల వంతుల గాలిలో 280 వంతులు. హవాయిలోని మౌనా లోవా కొండ మీద 1958లో చార్లెస్ కీలింగ్ కొలతలు మొదలుపెట్టినప్పుడు 315 దగ్గర ఉంది. ఇప్పుడు 420 దాటింది. అంటార్కిటికా మంచు బుడగల్లో దొరికిన 8 లక్షల ఏళ్ల గాలిని చూస్తే, అది 180కీ 300కీ మధ్యే ఊగింది.

ఇప్పుడు జమాఖర్చు. బొగ్గు, ఆయిల్, గ్యాస్, సిమెంట్ వల్ల ఏడాదికి సుమారు 37 వందల కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ పోతోంది. అడవులు కొట్టడం వగైరాల వల్ల ఇంకొంత. గాలిలో 1 పీపీఎం పెరగాలంటే 7.8 వందల కోట్ల టన్నులు కావాలి. ఏడాదికి పెరుగుతున్నది 2.5 పీపీఎం, అంటే దాదాపు 19.5 వందల కోట్ల టన్నులు. మనం వదిలిన దాంట్లో సుమారు సగమే గాలిలో మిగులుతోంది. తక్కినది సముద్రం, చెట్లు, నేల మింగుతున్నాయి. "సముద్రం నుంచే వస్తోందేమో" అనేవాళ్లకు జవాబు ఇదే. ప్రకృతి తన వైపు నుంచి అదనంగా ఇస్తూ ఉంటే, గాలిలో పెరుగుదల మనం వదిలిన దానికంటే ఎక్కువ ఉండాలి. ఉన్నది తక్కువ. పైగా సముద్రపు నీటి ఆమ్లత పెరుగుతోంది, అంటే అది తీసుకుంటోందే గానీ ఇవ్వడం లేదు.

రెండో సాక్ష్యం కార్బన్ రకాలది. మొక్కలు గాలి పీల్చేటప్పుడు బరువైన కార్బన్-13ను కొంచెం పక్కన పెడతాయి. వరి, వేరుశనగ లాంటి మొక్కల్లో అది ప్రామాణికం కంటే వెయ్యికి 25–28 వంతులు తక్కువ. జొన్న, సజ్జల్లో 12–14 వంతులే తక్కువ. బొగ్గు ఒకప్పటి మొక్కే కాబట్టి దానిలోనూ ఆ లోటు ఉంటుంది. గాలిలో ఈ లోటు పరిశ్రమలకు ముందు 6.5 దగ్గర ఉండేది, ఇప్పుడు 8.5 దగ్గరికి వచ్చింది. అగ్నిపర్వతపు కార్బన్‌లో లోటు 5, 6 వంతులే. అదే కారణమైతే గాలిలో లోటు ఇట్లా పెరగదు. మూడోది కార్బన్-14. దాని అర్ధాయుష్షు (సగం తరిగిపోయే కాలం) 5,730 ఏళ్లు, కోట్ల ఏళ్ల బొగ్గులో అది మిగలదు. కాబట్టి బొగ్గు పొగ కలిసే కొద్దీ గాలిలో దాని వాటా పలచబడుతుంది. 1950 దశకంలో హాన్స్ సూస్ అనే శాస్త్రవేత్త చెట్ల వలయాల్లో ఈ పలచబడటాన్ని చూపించాడు. ఒక జాగ్రత్త: ఆ తర్వాత అణుబాంబు పరీక్షలు గాలిలో కార్బన్-14ను విపరీతంగా పెంచాయి. కాబట్టి ఈ వాదనకు 1950కి ముందరి చెట్టు వలయాలనే చూపించాలి. తర్వాతి అంకెలు చూపిస్తే తెలిసినవాళ్లు అక్కడే పట్టుకుంటారు.

నాలుగోది ఆక్సిజన్. బొగ్గు మండితే ఆక్సిజన్ ఖర్చవుతుంది. 1990 దశకం మొదటి నుంచి కొలుస్తున్నారు, తగ్గుతూనే ఉంది. శ్వాసకు ప్రమాదమేమీ లేదు, 20.9 శాతంలో అదెంతో కాదు. కానీ ఇదంతా మంటల పని అని చెప్పడానికి అది చాలు.

మన సీమకు దగ్గరి ఉదాహరణ ఎర్రగుంట్ల, తాడిపత్రి సిమెంట్ బట్టీలు. సున్నపురాయిని 900 డిగ్రీల దాకా కాలిస్తే 100 కిలోలకు 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. రాయిలో మట్టి, ఇసుక కలిసి ఉంటే కొంచెం తక్కువ. బట్టీకి వాడే బొగ్గు దీనికి అదనం. సున్నపురాయిలోని కార్బన్‌కు కార్బన్-13 లోటు దాదాపు సున్నా, దాన్ని కాల్చడానికి ఆక్సిజనూ ఖర్చు కాదు. ఈ తేడాల వల్లే బొగ్గు వాటా, సిమెంట్ వాటా విడివిడిగా సరిచూసుకోవచ్చు. ఇక కరెంటు: బొగ్గుతో ఒక యూనిట్ తీస్తే సుమారు కిలో కార్బన్ డయాక్సైడ్. 210 మెగావాట్ల యంత్రం ఒక రోజంతా పూర్తిగా తిరిగితే 50 లక్షల యూనిట్లు, అంటే దాదాపు 5 వేల టన్నులు. లీటరు డీజిల్ కాలితే 2.7 కిలోలు. లీటరు బరువు 0.83 కిలోనే, మరి 2.7 ఎట్లా అని కచ్చితంగా అడుగుతారు. డీజిల్‌లోని 12 వంతుల కార్బన్‌కు గాలిలోంచి 32 వంతుల ఆక్సిజన్ వచ్చి చేరుతుంది, మొత్తం 44. మిగతా బరువు గాలిదే.

అగ్నిపర్వతాలన్నీ కలిపి ఏడాదికి వదిలేది మనం వదిలే దాంట్లో 1 శాతం లోపే. పైగా పెద్ద పేలుడు చల్లబరుస్తుంది. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో పేలినప్పుడు గంధకపు తుంపర పైకెక్కి, ఏడాది, రెండేళ్లు ప్రపంచ సగటు అర డిగ్రీ దాకా పడిపోయింది. మన బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో నేలలో కనిపించే తెల్లటి బూడిద పొర సుమారు 74 వేల ఏళ్ల కిందటి టోబా అగ్నిపర్వతం పేలుడుది. సుమత్రా నుంచి ఇక్కడిదాకా వచ్చింది. పిల్లలకు చూపించదగ్గ చోటు.

హంద్రీ గట్టు (కర్నూలు):

కరువు సంగతి నేను చెప్తాను. చిత్రావతి గారూ, ధాత కరువు మాట ఎవరన్నా ఎత్తితే కాదనకండి. ఆ మాట నిజం. అప్పుడు బలమైన ఎల్‌నినో (పసిఫిక్ సముద్రం మామూలు కంటే వేడెక్కడం) వచ్చింది, నైరుతి వానలు తప్పాయి, మద్రాస్ ప్రెసిడెన్సీలో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. ధాన్యం ఎగుమతులు ఆగకపోవడం జనం చావులను పెంచింది. అనంతపురానికి కరువు కొత్తగా వచ్చింది కాదు. నైరుతి మేఘాలు పశ్చిమ కనుమల అవతలే కురిసిపోతాయి, ఈశాన్యం తూర్పు తీరం దాటి ఇక్కడికొచ్చేసరికి నీరసిస్తుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే, అదీ అదను తప్పితే పంటకు పనికిరాదు.

అందుకే మన కరువును మనిషి చేసిన వేడికి సాక్ష్యంగా పెట్టొద్దు. మంట తనంతట తానూ అంటుకుంటుంది, ఎవరో పెట్టినా అంటుకుంటుంది. "పాతకాలంలోనూ తగలబడ్డాయి" అన్న మాట ఇప్పటిది ఎవరూ పెట్టలేదనడానికి రుజువు కాదు. ఇప్పటిది ఎవరిదో తేలాలంటే అగ్గిపుల్ల వెతకాలి. ఆ అగ్గిపుల్లే ఎర్రమల అన్న చెప్పిన కార్బన్ లెక్క.

వానల లెక్క ఇంకా చిక్కు. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదిక ప్రకారం 1951–2015 మధ్య దేశంలో నైరుతి వాన సుమారు 6 శాతం తగ్గింది. ముఖ్యంగా గంగా మైదానంలో, పశ్చిమ కనుమల్లో. దీనికి పొగ, ధూళి కణాలు ఎండను అడ్డుకోవడం ఒక పెద్ద కారణమంటారు. వేడెక్కిన గాలేమో డిగ్రీకి 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టగలదు, దానివల్ల వాన పెరగాలి. రెండూ ఎదురెదురుగా లాగుతున్నాయి. ఈ విషయంలో శాస్త్రవేత్తల మధ్య తేడాలు నిజంగానే ఉన్నాయి, ఆ మాట దాచకండి. 2009 అక్టోబరులో కర్నూలును ముంచిన తుంగభద్ర వరదను గానీ, 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగడాన్ని గానీ "ఇదిగో రుజువు" అని ఊపేయడం కూడా అంతే తప్పు. గేట్ల నిర్వహణ, ఆక్రమణలు, వాన తీరు అన్నీ విడదీయాలి.

రైతులకు చెప్పాల్సిన నమ్మకమైన మాట ఒకటుంది. వాన అంతే పడినా, వేడి పెరిగితే నేలలో పదును త్వరగా పోతుంది. ఎర్రనేలలో వేరుశనగ ఊడలు దిగే దశలో వాన మొహం చాటేస్తే ఊడలు నేలలోకి దిగవు. అదే వాన విరామం ఇప్పుడు ఎక్కువ నష్టం చేస్తుంది.

గాలిమర (రామగిరి):

సూర్యుడి మాటకూ, 0.04 శాతం మాటకూ లెక్క ఇది.

సూర్యుడి నుంచి వచ్చేది చదరపు మీటరుకు 1,361 వాట్లు. 1978 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్నాయి. పదకొండేళ్ల చక్రంలో మార్పు సుమారు 0.1 శాతం, అంటే 1.4 వాట్లు. భూమి గుండ్రం కాబట్టి 4తో భాగించండి, 30 శాతం వెలుగు తిరిగి పోతుంది కాబట్టి 0.7తో గుణించండి. వచ్చేది 0.24 వాటు, అదీ పెరిగి మళ్లీ తగ్గేది. 1980ల నుంచి సూర్యుడి సగటు పెరగలేదు, భూమి మాత్రం వేడెక్కుతూ పోయింది. కార్బన్ డయాక్సైడ్ చదరపు మీటరుకు అదనంగా పట్టి ఉంచే వేడికి సూత్రం: 5.35ను ఇప్పటి పీపీఎం, పాత పీపీఎం నిష్పత్తి సహజ లాగరిథమ్‌తో గుణించాలి. 420ని 280తో భాగిస్తే 1.5, దాని లాగ్ 0.405, గుణిస్తే 2.17 వాట్లు. ఇది తగ్గదు, రాత్రీపగలూ ఉంటుంది. ఫోన్‌లోని కాలిక్యులేటర్లో లాగ్ బదులు ఎల్‌ఎన్ మీట నొక్కాలి. 10 ఆధారంగా ఉన్న లాగ్ నొక్కితే 0.94 వస్తుంది, అక్కడే చాలామంది తప్పుతారు.

0.04 శాతం అనేది మోసపుచ్చే అంకె. పొడిగాలిలో 99 శాతం నైట్రోజన్, ఆక్సిజన్. భూమి నుంచి పైకి పోయే ఉష్ణకిరణాలను అవి పట్టవు. పట్టే కొద్ది వాయువులే లెక్కలోకొస్తాయి. కార్బన్ డయాక్సైడ్ నింపిన గొట్టం ఎండలో ఎక్కువ వేడెక్కడాన్ని యూనిస్ ఫుట్ 1856లో చూసింది, ఉష్ణకిరణాలను ఏ వాయువులు పడతాయో జాన్ టిండాల్ 1859లో ప్రయోగశాలలో కొలిచాడు. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో స్వీడన్ శాస్త్రవేత్త అర్రీనియస్ 1896లో అంకెలు కట్టాడు. ఏ ప్రభుత్వమూ, ఏ పార్టీ దీని మీద మాట్లాడని రోజులవి.

తెలివైన ఆక్షేపణ ఒకటుంది, అదీ చూసుకోండి: "15 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర కార్బన్ డయాక్సైడ్ ఇప్పటికే కిరణాలన్నీ మింగేస్తోంది, ఇంకా కలిపితే ఏమవుతుంది?" 1900లో కూడా ఈ మాట వచ్చింది. జవాబు వాతావరణం పైపొరల్లో ఉంది. వాయువు పెరిగే కొద్దీ కిరణాలు అంతరిక్షంలోకి తప్పించుకునే ఎత్తు ఇంకా పైకి జరుగుతుంది. పైన చలి ఎక్కువ, చల్లని పొర తక్కువ వేడి వదులుతుంది, తక్కినది కింద ఉండిపోతుంది. స్యుకురో మనాబే అనే శాస్త్రవేత్త 1967లో ఈ లెక్క కట్టి చూపించాడు, 2021లో నోబెల్ వచ్చింది. అదే లెక్క ప్రకారం కింద వేడెక్కుతుంటే పైన స్ట్రాటోస్ఫియర్ (మేఘాలకు పైనుండే గాలి పొర) చల్లబడాలి. సూర్యుడే కారణమైతే రెండూ వేడెక్కాలి. ఉపగ్రహ కొలతల్లో పైపొర చల్లబడింది. కింది స్ట్రాటోస్ఫియర్‌లో ఓజోన్ తరుగుదల కూడా చల్లబరిచింది కాబట్టి, పై స్ట్రాటోస్ఫియర్ అంకెలే చూపించండి.

పెన్నేరు (కడప):

మీ లెక్కలతో గొడవ లేదు. నా అభ్యంతరాలు రెండే. "97 శాతం సైంటిస్టులు" అన్న అంకెను ప్రతి ఒక్కరూ వాడుతున్నారు, అది ఎక్కడిది? పాత మంచులో వేడి ముందు పెరిగి, కార్బన్ డయాక్సైడ్ తర్వాత పెరిగిందంటారు, మరి కారణం ఏది, ఫలితం ఏది?

ఎర్రమల (బేతంచెర్ల):

పెన్నేరు అన్నా, రెండూ అడగాల్సినవే. 97 అనేది 2013లో జాన్ కుక్, ఆయన బృందం వాతావరణం మీద వచ్చిన 11,944 పరిశోధన వ్యాసాల సారాంశాలు చదివి ఇచ్చింది. అందులో 66.4 శాతం కారణం ఊసే ఎత్తలేదు. 32.6 శాతం మనిషే కారణమన్నాయి, 0.7 శాతం కాదన్నాయి. అభిప్రాయం చెప్పినవాటిలో 97. "శాస్త్రవేత్తల్లో 97 శాతం" అని వాడితే తప్పు, "అభిప్రాయం చెప్పిన వ్యాసాల్లో" అనాలి. ఎదుటిపక్షం, మనిషి కారణమనడానికి ఆధారం లేదనే 31 వేల సంతకాల అమెరికా పిటిషన్ తెస్తుంది. దానికి ఏ సైన్సు డిగ్రీ ఉన్నా చాలు, వాతావరణం మీద పని చేసి ఉండక్కర్లేదు. చేతులెత్తించి లెక్కపెట్టే పని ఈ చర్చలో ఎవరికీ వద్దంటాను.

మంచు సంగతి నిజమే. మంచుయుగాలు ముగిసినప్పుడు భూకక్ష్య మార్పు వేడిని మొదలుపెట్టింది, వేడెక్కిన సముద్రం కార్బన్ వదిలింది, అది వేడిని ఇంకా పెంచింది. ఆ చక్రాలు 23 వేలు, 41 వేలు, లక్ష ఏళ్లవి. 150 ఏళ్లలో ఇంత మార్పు తేలేవు. ఈసారి కార్బన్ ముందు, సముద్రం వదలడం లేదు, పీలుస్తోంది. 2021 ఐపీసీసీ (వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి సంఘం) నివేదిక 1850–1900తో పోలిస్తే 2010–2019 నాటికి మనిషి వల్ల పెరిగింది 1.07 డిగ్రీలు, అటూఇటూ 0.8 నుంచి 1.3 అని రాసింది. సూర్యుడు, అగ్నిపర్వతాల వాటా మైనస్ 0.1 నుంచి ప్లస్ 0.1. తగవు ఉన్నది కార్బన్ రెట్టింపైతే ఎంత పెరుగుతుందన్న దగ్గర: 2.5 నుంచి 4 డిగ్రీలు, మేఘాల ప్రవర్తన వల్ల ఆ తేడా.

హంద్రీ గట్టు (కర్నూలు):

కాలేజీ పిల్లలతో మన ఊరి ఉష్ణోగ్రతలు గీయించాలనుకుంటే ఇది కూడా చూడండి. దేశ సగటే 1901–2018 మధ్య సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది, ప్రపంచం కంటే తక్కువ. ధూళి, సాగునీటి తేమ కొంత కప్పేస్తున్నాయి. కాబట్టి ఒక్క స్టేషన్‌లో గీత నిటారుగా రాకపోతే కంగారు పడొద్దు.

పుణేలోని వాతావరణ శాఖ నుంచి రోజువారీ గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు తీసుకోండి. నెలలో 10 రోజులకు మించి ఖాళీలుంటే ఆ నెల వదిలేయండి. అసలు డిగ్రీలు గీయకుండా, 1961–90 సగటు నుంచి ఎంత తేడా ఉందో గీయండి. గరిష్ఠం, కనిష్ఠం విడివిడిగా. అనంతపురం, కర్నూలు, కడప, బళ్లారి పక్కపక్కన పెట్టండి. ఒక్కచోటే ఏదో ఏడాది అర డిగ్రీ గెంతితే అది వాతావరణం కాదు, స్టేషన్ మారిందో, పక్కన సిమెంట్ నేల వేశారో. 1998, 2016 లాంటి ఎల్‌నినో ఏడాదిలో గీత మొదలుపెడితే వేడి ఆగినట్టు కనబడుతుంది, 2000 లాంటి చల్లటి ఏడాదిలో మొదలుపెడితే ఎక్కువ కనబడుతుంది. కనీసం 30 ఏళ్లు.

కాలేజీలోనే స్టీవెన్సన్ పెట్టె (థర్మామీటర్లకు ఎండ తగలకుండా గాలి ఆడే తెల్ల చెక్కపెట్టె) పెడితే నేలకు సుమారు 1.25 మీటర్ల ఎత్తు, తలుపు ఉత్తరానికి, కింద గడ్డి లేదా మట్టి, తెల్ల రంగు వెలిసిపోకుండా. కనిష్ఠం చూపే ఆల్కహాల్ థర్మామీటర్లో ద్రవం తెగితే, పైన ఇరుక్కున్న భాగం లెక్కలోకి రాక తక్కువ చూపిస్తుంది. బల్బు కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా విదిలిస్తే కలుస్తుంది. ఉదయం 8:30కి కనిష్ఠం, సాయంత్రం 5:30కి గరిష్ఠం చూసి, ప్రతిసారీ మళ్లీ సెట్ చేయాలి. మరిచిపోతే నిన్నటి అంకె ఈరోజుదిగా పుస్తకంలోకి ఎక్కుతుంది.

చిత్రావతి (అనంతపురం):

అందరికీ నమస్కారం. ఎర్రమల అన్నా, సున్నపురాయి లెక్కను తాడిపత్రి విద్యార్థులకు చూపించడానికి చిన్న ప్రయోగం ఏదైనా ఉందా?

ఎర్రమల (బేతంచెర్ల):

బట్టీ అక్కర్లేదు. బరువు చూసిన 10 గ్రాముల సున్నపురాయి పొడిని, విడిగా పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్న బీకరును త్రాసు మీద పెట్టి మొత్తం బరువు రాయించండి. పొడిని కొద్దికొద్దిగా ఆమ్లంలో వేస్తూ, పొంగు ఆగాక మళ్లీ తూయండి. రాయి శుద్ధమైనదైతే 4.4 గ్రాములకు దగ్గరగా తగ్గాలి. తక్కువ తగ్గితే రాయిలో ఇసుక, మట్టి ఉన్నాయని, లేదా ఆమ్లం చాలలేదని. ఎక్కువ తగ్గితే తుంపర బయటికి చిందింది, మూతికి దూది అడ్డం పెట్టండి. 10 గ్రాముల రాయికి 0.2 మోల్ ఆమ్లం కావాలి, రెండు మోలార్ ద్రావణమైతే కనీసం 100 మిల్లీలీటర్లు. 120 తీసుకుంటే నిశ్చింత. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోవడం, కిటికీలు తెరిచి ఉంచడం మరిచిపోవద్దు.