రిపేర్ హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత కోలుకోవడం: మొదటిసారి జాగ్రత్తలే సరిపోతాయా?

కాకినాడ_కెనాల్ (ప్రశ్న)

తమ్ముడి గురించి అడుగుతున్నాను. వయసు 33. రెండేళ్ల లోపే మొదటి ట్రాన్స్‌ప్లాంట్ అయింది, ఎఫ్‌యూఈ (కుదుళ్లను ఒక్కొక్కటిగా తీసి నాటే పద్ధతి), 2,800 గ్రాఫ్ట్‌లు (అలా తీసి నాటే చిన్న కుదుళ్లు) అన్నారు. హెయిర్‌లైన్ మరీ కిందికి గీశారు. ముందు వరసలోనే రెండు మూడు వెంట్రుకల గ్రాఫ్ట్‌లు పెట్టడంతో బొమ్మకు గుచ్చిన జుట్టులా ఉంది, పైగా అన్నీ నిటారుగా మొలిచాయి. వెనక కుడి చెవి పైన డోనర్ (వెంట్రుకలు తీసిన చోటు) బాగా పలచబడింది.

ఇప్పుడు వేరే డాక్టర్ రిపేర్ చేశారు. కింది వరసలోవి సుమారు 250 పంచ్‌తో (చిన్న గొట్టంలాంటి కోత పరికరం) తీసి, ఒక్కొక్క వెంట్రుకగా విడగొట్టి మళ్లీ వాడారు. కొత్తగా తల వెనక నుంచి 900, గడ్డం కింద నుంచి 300. తీసిన గుంతల్లో కొన్నిటికి సన్నటి కుట్లు వేశారు. ఈరోజు నాలుగో రోజు. నుదుటి వాపు కళ్ల మీదికి దిగింది.

సందేహాలు: మొదటిసారి పాటించిన జాగ్రత్తలే సరిపోతాయా? తలస్నానం, నూనె, హెల్మెట్ ఎప్పటినుంచి? తిరుపతి మొక్కు ఒకటి ఉంది, గుండు ఎప్పుడు చేయించుకోవచ్చు? ఫలితం ఎన్ని నెలలకు తేల్చుకోవాలి?

---

సింగిల్_గ్రాఫ్ట్

ముందు వాపు సంగతి. తలలోకి ఎక్కించిన మత్తు ద్రవం, సెలైన్ కిందికి దిగడం వల్ల వచ్చేదే అది. 2 నుంచి 4 రోజుల మధ్య ఎక్కువగా ఉండి, వారంలోపు తగ్గిపోతుంది. పడుకునేటప్పుడు తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తులో ఉండాలి. రెండు దిండ్లు వేస్తే మెడ వంగడమే తప్ప లాభం లేదు. వీపు నుంచే వాలుగా ఉండాలి, మెడ చుట్టూ ప్రయాణాల దిండు పెట్టుకుంటే పక్కకు దొర్లరు. ఐస్ గుడ్డలో చుట్టి కనుబొమ్మల పైన, కణతల మీద మాత్రమే పెట్టండి. గ్రాఫ్ట్‌లున్న చోటికి చల్లదనం తగలకూడదు, అక్కడ రక్తప్రసరణ తగ్గుతుంది. ఒక కన్నే వాచి నొప్పి, ఎర్రదనం పెరుగుతున్నా, జ్వరం వచ్చినా మాత్రం మామూలు వాపు అనుకోవద్దు.

ఇక జాగ్రత్తలు. చేయాల్సిన పనులు దాదాపు అవే, గడువులు మాత్రం సాగుతాయి. పెట్టిన గ్రాఫ్ట్ మొదటి రెండు మూడు రోజులు చుట్టూ ఉన్న ద్రవాన్ని పీల్చుకునే బతుకుతుంది. ఆ తర్వాతే కొత్త రక్తనాళాలు అందుతాయి. ఒకసారి కోసి మానిన చర్మంలో మచ్చ కణజాలం ఎక్కువ, నాళాలు తక్కువ, కాబట్టి అది అందుకోవడం ఆలస్యమవుతుంది. అందుకే రిపేర్‌లో అనుభవమున్న డాక్టర్లు మచ్చ ఉన్నచోట చదరపు సెంటీమీటర్‌కు 20, 25కు మించి పెట్టడానికి ఇష్టపడరు. మామూలు చర్మంలో అయితే 35, 40 దాకా పెడతారు. తమ్ముడికి ఇప్పుడు అక్కడక్కడా ఖాళీగా అనిపిస్తే అది కావాలని వదిలిందే కావచ్చు.

తలస్నానం: మీ డాక్టర్ ఏ రోజు చెప్పారో ఆ రోజే మొదలుపెట్టండి, సాధారణంగా 2, 3 రోజుల తర్వాత. బేబీ షాంపూ ఒక చెంచా, గ్లాసు గోరువెచ్చని నీళ్లలో నురగ తేలేలా గిలకొట్టి ఆ నురగను మాత్రమే పైన పరచండి. ఐదు నిమిషాలు ఆగి మగ్గుతో మెల్లగా పొయ్యండి, షవర్ వద్దు. బోరు నీళ్లలో ఉప్పెక్కువ ఉంటే ఈ పది రోజులూ ఫిల్టర్ నీళ్లు వాడితే పక్కులు గట్టిపడవు. తువ్వాలుతో రుద్దకూడదు, అద్దాలి. వెనక డోనర్ వైపు వేళ్లతో మామూలుగానే కడగొచ్చు. చాలామంది దాన్ని వదిలేస్తారు, అక్కడే చీము పొక్కులు మొదలవుతాయి.

పక్కుల విషయంలో తొందరపడొద్దు. అంటుకుని ఉన్న పక్కును మొదటి ఐదారు రోజుల్లో లాగితే దాంతోపాటు గ్రాఫ్టే వస్తుంది. తొమ్మిది రోజులు దాటాక గ్రాఫ్ట్ ఊడదు. కాబట్టి పదో రోజు నుంచి నురగ పెట్టి 10, 15 నిమిషాలు నానబెట్టి, వేలి మెత్తటి భాగంతో గుండ్రంగా తిప్పండి. గోరు తగలకూడదు. రోజూ అలా చేస్తే 14వ రోజుకు శుభ్రమవుతుంది. మచ్చ ఉన్నచోట ఇంకో మూడు నాలుగు రోజులు పట్టినా ఫర్వాలేదు. కుట్లున్నచోట మాత్రం తీసేదాకా రుద్దొద్దు, నుదుటి అంచున వేసినవి సాధారణంగా వారానికి తీస్తారు.

నొప్పికి పారాసెటమాల్ చాలు. ఆస్పిరిన్ డాక్టర్ చెప్పకుండా వేసుకోవద్దు. గుండె జబ్బుకు ఇప్పటికే వాడుతుంటే సొంతంగా ఆపనూ వద్దు.

---

నల్లరేగడి

పైన అన్నీ బాగా రాశారు. రిపేర్ కేసులో అసలు భయపడాల్సింది మాత్రం ఇందులో రాలేదు: చర్మం చచ్చిపోవడం, అంటే నెక్రోసిస్. తరచూ రాదు. వస్తే మాత్రం ముందు భాగం నడుమే వస్తుంది, అదీ రెండోసారి కోసిన చర్మంలో, దగ్గరదగ్గరగా పెట్టినచోట, పొగతాగేవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో.

గుర్తులు మొదటి 24 నుంచి 72 గంటల్లోనే కనిపిస్తాయి. చుట్టూ ఎర్రగా ఉండగా ఒక ముక్క మాత్రం పాలిపోయినట్టు, లేదా నీలి ఊదా రంగులో ఉంటుంది. తర్వాత నల్లగా, తోలులా గట్టిపడుతుంది. పక్కులు కూడా నల్లగా ఉంటాయి కదా అంటే, పక్కు చుక్కచుక్కగా ఒక్కో గ్రాఫ్ట్ చుట్టూ ఉంటుంది, తడిపితే మెత్తబడుతుంది. ఇది ఏకమొత్తంగా ఉంటుంది, తడిపినా మారదు. అనుమానం వస్తే అదే రోజు ఫొటో పంపి డాక్టర్‌తో మాట్లాడాలి. రేపటిదాకా ఆగొద్దు, ఇంట్లో ఏ లేపనమూ పుయ్యొద్దు. మొదట్లోనే చూస్తే చుట్టూ నొక్కుతున్న కొన్ని గ్రాఫ్ట్‌లు తీసేసి, రక్తనాళాలు విప్పారే మందులతో కొంత కాపాడగలుగుతారు.

సిగరెట్ తాగేవాడైతే కనీసం నెల మానాలి. నికోటిన్ గమ్, వేప్ కూడా లెక్కలోకే వస్తాయి. నాళాలను బిగించేది నికోటినే, పొగ కాదు.

---

కాకినాడ_కెనాల్

థాంక్స్ అండి. ఫొటో చూశాను, చుక్కల్లాగే ఉన్నాయి, నల్ల మచ్చ లేదు. సిగరెట్ అలవాటు లేదు. కుంకుడుకాయ, కొబ్బరినూనె రాస్తే త్వరగా మానుతుందని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు, ఏం చెప్పమంటారు?

---

మాడు_మీద_మాట

పెద్దవాళ్లకు నెల తర్వాత అని చెప్పండి, గొడవ ఉండదు.

కొబ్బరినూనె మొదటి నాలుగు వారాలు వద్దు. వెంట్రుక బయటికొచ్చే రంధ్రాల్ని పూడ్చి పొక్కులు తెప్పిస్తుంది. కుంకుడు రసం గాయానికి ఘాటు, పైగా రుద్దకుండా అంటుకోవడం ఎవరి తరం? పసుపు, ఉల్లిరసం, కలబంద గుజ్జు ఏదీ తెరిచి ఉన్న చర్మం మీద పెట్టొద్దు. జుట్టుకు రంగు ఆరు వారాల దాకా ఆపండి.

హెల్మెట్: పది రోజులు పూర్తిగా వద్దు. తర్వాత కూడా బిగుతైనది తీసేటప్పుడు ముందు వరసను రాసుకుంటూ వస్తుంది, అందుకని మూడు వారాలు ఆగడం మేలు. హెల్మెట్ లేకుండా బండి నడపమని కాదు, ఆ మూడు వారాలూ బండే తీయొద్దు, ఆటోలోనో బస్సులోనో వెళ్లమనండి. ఎండకు వదులు టోపీ పదో రోజు తర్వాత. మూడు నెలలు మిట్టమధ్యాహ్నం ఎండ నేరుగా తగలనివ్వకండి. మన చర్మానికి ఎరుపు తగ్గాక గోధుమ రంగు మరకలు మిగిలే గుణం ఎక్కువ. జిమ్‌లో తేలికపాటి నడక వారం తర్వాత, బరువులు నాలుగు వారాల తర్వాత. ఈత కూడా అప్పుడే.

మొక్కు: గుండు వల్ల గ్రాఫ్ట్ పోదు, దాని మూలం చర్మం కింద 4, 5 మిల్లీమీటర్ల లోతులో ఉంటుంది. సమస్య బ్లేడు గీరుకోవడం, ఇంకా మానని గుంతలు. రిపేర్ తర్వాత ఆరు నెలలకు ముందు వద్దు, అదీ డాక్టర్ ఒకసారి చూశాకే. గుండు మీద గంధం రాసి ఎండలో తిరిగితే మరకల సంగతి మళ్లీ మొదటికొస్తుంది, నీడలో ఉండమనండి. ఇంకోటి, గుండు చేయిస్తే వెనక ఎఫ్‌యూఈ తెల్లచుక్కలు అందరికీ కనిపిస్తాయి. అతనికి అది ఇబ్బందైతే మూడు కత్తెరలు ఇచ్చి మొక్కు తీర్చుకునే పద్ధతి ఎలాగూ ఉంది, ఇంట్లో మాట్లాడుకోండి.

---

సింగిల్_గ్రాఫ్ట్

ఫలితం ఎప్పుడన్న ప్రశ్న మిగిలింది. ఎక్కువమంది కంగారుపడేది ఇక్కడే, క్లినిక్‌లు తక్కువ చెప్పేదీ ఇక్కడే.

రెండో వారం నుంచి ఆరో వారం లోపు పెట్టిన వెంట్రుకలు చాలావరకు రాలిపోతాయి. రాలేది కాడ, మూలం లోపలే ఉంటుంది. వాటితోపాటు చుట్టుపక్కల పాత వెంట్రుకలూ, డోనర్ వెంట్రుకలూ కొన్ని రాలొచ్చు, దాన్నే షాక్ లాస్ అంటారు. కాబట్టి రెండో మూడో నెలలో ఆపరేషన్‌కు ముందుకన్నా అధ్వాన్నంగా కనిపిస్తుంది. మొదటిసారి దెబ్బతిన్న మనిషికి ఇది రెండోసారి మోసపోయినట్టే అనిపిస్తుంది, ముందే చెప్పి ఉంచండి. మొలక 3, 4 నెలలకు మొదలై, ఆరో నెలకు సగం కనిపించి, 12 నెలలకు దాదాపు పూర్తవుతుంది. మచ్చ చర్మంలో 15 నుంచి 18 నెలలు కూడా పట్టొచ్చు. నెలకోసారి ఒకే గదిలో, ఒకే లైటు కింద, ఒకే దూరం నుంచి, తడి జుట్టుతో ఒకటి, పొడి జుట్టుతో ఒకటి ఫొటో తియ్యండి. రోజూ అద్దంలో చూసుకుంటే ఏమీ తెలియదు.

ఎరుపు మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు. రిపేర్‌లో మూడు నెలలున్నా ఆశ్చర్యం లేదు. మొద్దుబారినట్టు ఉండడం కూడా నెలల మీదే తగ్గుతుంది. రెండో నెల నుంచి నాలుగో నెల మధ్య అక్కడక్కడా మొటిమల్లాంటివి వస్తాయి, కొన్ని కొత్త వెంట్రుక బయటికి రాలేక వచ్చేవే. గోరువెచ్చని తడిగుడ్డ పది నిమిషాలు, రోజుకు రెండుసార్లు. గిల్లొద్దు. గుంపులుగా వచ్చి చీము కారితే యాంటీబయాటిక్ కావాలి, అది డాక్టర్ పని.

పంచ్‌తో తీసినచోట్లు చిన్న తెల్ల చుక్కలుగా మానతాయి. తీసేటప్పుడు మూలం తెగి కింద ముక్క మిగిలితే అందులోంచి వెంట్రుక మళ్లీ రావొచ్చు. 250లో కొన్ని తిరిగొస్తే పని చెడిపోయినట్టు కాదు, ఇలాంటి తొలగింపు రెండు విడతల్లో చేయడం మామూలే. గుంతలు, ఎగుడుదిగుడు మిగిలాయని మూడో నెలలోనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ అడక్కండి, చర్మం పలచబడుతుంది. మచ్చ మెత్తబడడానికి ఏడాది ఇవ్వాలి.

---

నల్లరేగడి

డోనర్ లెక్క గురించి ఒక మాట. సగటు మనిషికి జీవితం మొత్తంలో తల వెనక నుంచి తీయగలిగేది 5,000, 6,000 గ్రాఫ్ట్‌ల దగ్గర ఆగుతుంది. ఇతనికి 2,800 ఒకసారి, 900 ఒకసారి పోయాయి. పైగా ఆ 2,800లో ఎన్ని తెగి వృథా అయ్యాయో తెలియదు. వయసు 33, ఉన్న జుట్టు ఇంకా రాలుతుంది. అది ఆపకపోతే పెట్టిన ముందు వరస నిలబడి, దాని వెనక ఖాళీ అవుతుంది. జుట్టు రాలడం తగ్గించే మందులు, ఫినాస్టరైడ్ 1 మిల్లీగ్రామ్ మాత్ర, మినాక్సిడిల్ 5 శాతం గురించి డాక్టర్‌ను ఇప్పుడే అడగండి. మినాక్సిడిల్ తలకు రాసేదైతే పక్కులు పూర్తిగా పోయాక, రెండు నుంచి నాలుగు వారాల మధ్య మొదలుపెడతారు. ఫినాస్టరైడ్‌తో కొందరికి లైంగికంగా ఇబ్బందులు, దిగులు వస్తాయి, వస్తే దాచకుండా చెప్పాలి. వాడుతున్నంతకాలం, ఆపాక నెల వరకూ రక్తదానం చేయకూడదు. విరిగిన మాత్రను గర్భిణులు ముట్టుకోకూడదు. ప్రోస్టేట్ పరీక్షలో పీఎస్‌ఏ విలువను ఇది సగానికి తగ్గిస్తుంది కాబట్టి ఆ పరీక్ష చేసే డాక్టర్‌కూ చెప్పాలి.

గడ్డం గ్రాఫ్ట్‌లు ముందు వరసలో పెట్టలేదు కదా? అవి లావుగా, ఒక్కొక్కటిగా ఉంటాయి. నడి తలలో తల వెంట్రుకల మధ్య కలిపితే ఒత్తుగా కనిపిస్తాయి, ముందు పెడితే మళ్లీ పాత కథే. దవడ కింద వారం దాకా రేజర్ వద్దు.

కుడి చెవి పైన పలచబడిన చోటు ఏడాది తర్వాత కూడా తెలుస్తుంటే స్కాల్ప్ మైక్రోపిగ్మెంటేషన్ ఉంది. సూదితో చుక్కలుగా రంగు దింపుతారు, జుట్టు పొట్టిగా కత్తిరించినా ఖాళీ కనబడదు. అక్కడ మళ్లీ గ్రాఫ్ట్‌లు పెట్టడం కన్నా ఇదే చవక.

---

మాడు_మీద_మాట

మొదటి క్లినిక్ నుంచి రికార్డులు తీసుకున్నారా? వైద్య నియమావళి 2002 ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. వాళ్లు దాచి ఉంచాల్సింది చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు, కాబట్టి ఇప్పుడే అడగాలి. పంచ్ సైజు, ఏ భాగం నుంచి ఎన్ని తీశారు, ఎవరు తీశారు అన్నవి తర్వాతి విడతకు మీ డాక్టర్‌కు పనికొస్తాయి. రాతపూర్వకంగా అడిగి రసీదు ఉంచుకోండి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే ఆలోచన ఉంటే గడువు రెండేళ్లే, తేదీ చూసుకోండి. శస్త్రచికిత్సలో శిక్షణ పొందిన రిజిస్టర్డ్ డాక్టరే ట్రాన్స్‌ప్లాంట్ చేయాలని, వర్క్‌షాపులు, యూట్యూబ్ చూసి నేర్చుకోవడం చాలదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. ఆరోజు గ్రాఫ్ట్‌లు తీసింది టెక్నీషియన్లే అయితే ఆ మాట కూడా ఫిర్యాదులో రాయండి.

---

కాకినాడ_కెనాల్

తేదీ చూశాను, రెండేళ్లకు ఇంకా ఏడు వారాలుంది. రికార్డుల కోసం ఉత్తరం ఈరోజే రిజిస్టర్డ్ పోస్టులో పంపిస్తున్నాను. గడ్డం గ్రాఫ్ట్‌లు నడి తలలోనే పెట్టారట, అడిగి తెలుసుకున్నాం. కుట్లు శుక్రవారం తీస్తారు.